వాగు దగ్గర ఆగిన గుర్రాలు

ప్రెస్సులో అందరూ ఆమెను తప్పులక్క అనేవారు. పేరు పెట్టినవాడు వెటకారానికే పెట్టాడు గానీ ఆమె దాన్ని సన్మానంలా పుచ్చుకుంది. స్కూలు పుస్తకాలు అచ్చువేసే ఆ ప్రెస్సులో ఇరవై ఆరేళ్ళు ప్రూఫులు దిద్దింది. మూడో అంతస్తులో కిటికీ పక్క బల్ల, ఎర్ర సిరా పెన్ను, ఒక ఉక్కు స్కేలు. స్కేలును లైను కింద పెట్టి, ఒక్కో లైనే కిందికి జరుపుతూ చదివేది. మనసు ముందుకు పరిగెత్తి కంటిని మోసం చేస్తుందనీ, స్కేలుకు ఆ జబ్బు లేదనీ కొత్తగా చేరినవాళ్ళకు చెప్పేది.

ఆ ప్రెస్సులో ఒక పద్ధతి ఉండేది. పుస్తకం అచ్చయ్యాక తప్పు బయటపడితే, తప్పొప్పుల పట్టిక అని వేలెడంత చీటీ వేసి ప్రతి కాపీలో అంటించేవారు. ఆ చీటీ కింది మూలలో పొడి అక్షరాలు పడాలి. తప్పు టైపు చేసినవాళ్ళవి కాదు, దాన్ని చూడకుండా వదిలేసినవాళ్ళవి. టైపు చేసేవాడు మనిషి కాబట్టి తప్పు చేస్తాడు, చూసేవాళ్ళకు జీతం ఇచ్చేది అందుకేగా అని యజమాని వాదన. ఇరవై ఆరేళ్ళలో ఆమె పొడి అక్షరాలతో వెళ్ళిన చీటీలు నాలుగు. నాలుగూ ఆమెకు కంఠతా వచ్చు. నాలుగో తరగతి లెక్కల పుస్తకంలో ఒక త్రిభుజానికి నాలుగు కోణాలు ఇచ్చిన సంగతి తలుచుకుంటే ఇప్పటికీ అన్నం సహించదు.

యాభై రెండో ఏట కుడిచేతి చూపుడు వేలు చెప్పిన మాట వినడం మానేసింది. తర్వాత దాని పక్క వేలు. డాక్టరు ఒక పొడుగాటి పేరు చెప్పి, ఇది నరాల జబ్బు, మెల్లగా నడుస్తుంది, వెనక్కి మాత్రం రాదు అన్నాడు. పెన్ను జారిపోతుంటే రబ్బరు బ్యాండు చుట్టుకుని ఎనిమిది నెలలు నెట్టుకొచ్చింది. ఒక రోజు దిద్దిన ప్రూఫులో తను పెట్టిన గుర్తు తనకే అర్థం కాలేదు. ఆ సాయంత్రమే రాజీనామా ఇచ్చింది.

ఈ చోట ఆమె ధైర్యం గురించి ఒక పేరా ఆశించేవాళ్ళకు నిరాశ తప్పదు. ఆమె ధైర్యంగా లేదు, చిరాగ్గా ఉంది. పరామర్శకు వచ్చినవాళ్ళు మిమ్మల్ని చూసి మేం నేర్చుకోవాలండీ అంటే, ఏం నేర్చుకుంటారు, గ్లాసు కింద పడెయ్యడమా అని అడిగేది. వచ్చేవాళ్ళు తగ్గిపోయారు. అదే ఆమెకు కావలసింది.

మిగిలింది ఆట. పేరు ఏడు కోటలు. పాతకాలపు రాజ్యాలు, కోటలు, ముట్టడులు. కంప్యూటరు మీద ఇద్దరు చెరో పక్షం తీసుకుని ఆడాలి. ఆమె ఇంకా ప్రెస్సులో ఉండగానే తమ్ముడు ఇది అలవాటు చేశాడు. తమ్ముడు లిఫ్టు మెకానిక్కు. అదే ఇంట్లో కింది వాటాలో భార్యతో ఉంటాడు, పై గది ఈమెది. ప్రతి ఆదివారం ఉదయం పదింటికి ఫ్లాస్కు పట్టుకుని ఇరవై రెండు మెట్లెక్కి వచ్చేవాడు. గదిలో రెండు బల్లలు, రెండు పాత కంప్యూటర్లు. ఒకరి తెర ఒకరికి కనబడకుండా వీపూ వీపూ ఆనించినట్టు కూర్చునేవారు. అతను గుర్రాలవాళ్ళు, ఆమె గోడవాళ్ళు. ఎన్నేళ్ళు ఆడినా ఇద్దరూ పక్షం మార్చలేదు.

గోడవాళ్ళను ఆమె ఎంచుకోవడంలో వింతేమీ లేదు. ప్రూఫులు దిద్దే బుద్ధి అది: ఎవరిమీదకీ పోరు, తప్పుడుదాన్ని లోపలికి రానివ్వరు. వాళ్ళ గోడకు మిగతావాళ్ళ గోడకు పట్టే రాయిలో సగం చాలు. గోడమీద నిలబడ్డ ఒక్క సైనికుడు కింద ఉన్న ముగ్గురికి సమానం. గిడ్డంగిలో ధాన్యం పాడవదు. ఇక లోపాలు. వాళ్ళకు గుర్రాలు లేవు, గోడ దిగితే తాబేళ్ళు. పొలాలు కోట బయట ఉంటాయి కాబట్టి ధాన్యం బండ్లు రావాలంటే తలుపులు తెరిచి ఉంచాలి. ఆ తలుపులు నాలుగు, నాలుగు దిక్కులా. ఒక్కోదాన్నీ విడిగా, మౌసు జరిపి చేత్తో మూయాలి. వంతెన ఎత్తాలి, గడియ వేయాలి. తలుపులు తొందరగా మూస్తే తిండి ఉండదు, ఆలస్యంగా మూస్తే తల ఉండదు. ఆ పక్షం కథంతా ఆ కాసిని సెకన్లలో ఉంది.

మొదట్లో ఆమె అందరిలాగే, కొండమీద దుమ్ము లేవగానే తలుపులు మూసేసేది. ఆకలికి ఓడిపోయేది, పదింట ఆరుసార్లు. అప్పుడొక ఆదివారం వేలు మొరాయించింది. మూద్దామనుకునేసరికి గుర్రాలు కోట ముందున్న వాగు దాకా వచ్చేశాయి. అయిపోయింది అనుకుంది. తీరా చూస్తే, నాలుగు తలుపులూ మూసేదాకా గుర్రాలు వాగులోనే ఉన్నాయి. బండ్లన్నీ లోపలికొచ్చాయి. గెలిచింది.

వాగు చూశావా అని కుర్చీలోంచి కేకేసింది ఆ రోజు. వాగులో దిగాక గుర్రాలు నెమ్మదిస్తాయి, ఈ సంగతి ఎవరూ కనిపెట్టలేదు. అవునక్కా, భలే పట్టుకున్నావు, అన్నాడు తమ్ముడు వీపు తిప్పకుండానే.

ఆమె కనిపెట్టినదాన్ని ఊరికే వదిలే మనిషి కాదు. ఆటగాళ్ళు రాసుకునే వెబ్‌సైటులో 'గోడవాళ్ళ బలాలు, బలహీనతలు' అని పేజీ పెట్టింది. ఎడమచేతి ఒక్క వేలితో టైపు చేయడానికి ఏడు వారాలు పట్టింది. రాసినామె పేరు తప్పులక్క. అందులో ఒక్క అక్షరం తప్పు లేదు. లావుపాటి అక్షరాల్లో అసలు సలహా: గుర్రాలు వాగులో దిగేదాకా తలుపులు మూయకండి, తొమ్మిది సెకన్లు మీవి. మరుసటి ఏడు దాన్ని పదకొండు చేసింది. తర్వాత పద్నాలుగు. తర్వాత పదిహేడు. ఆట తయారుచేసేవాళ్ళు కొత్త రూపంలో వాగు లోతు పెంచినట్టున్నారు అని కింద ఒక గమనిక కూడా రాసింది. పదకొండు వేలమంది చదివారు. ఆమె దిద్దిన లెక్కల పుస్తకాన్ని ఇష్టపడి చదివినవాళ్ళు అందులో పదోవంతు కూడా ఉండరు.

ఆరునెలలకోసారి ఆస్పత్రికి వెళ్ళేవారు. డాక్టరు చెయ్యి ఎలా ఉందని అడిగితే, ప్రతి ఆదివారం గెలుస్తూనే ఉన్నాను, ఆ లెక్కన పెద్దగా దిగజారలేదు అనేది. డాక్టరు తలాడించి రాసుకునేవాడు. తమ్ముడు పక్క కుర్చీలో కూర్చుని గోడమీది గడియారం చూసేవాడు.

అలా మూడేళ్ళు గడిచాక ఒక ఉత్తరం వచ్చింది. రాసినతను నూతికప్ప అని పేరు పెట్టుకున్నాడు. రొట్టెల బట్టీలో పని, మధ్యాహ్నాలు ఆడతాడు.

"అక్కగారూ, మీ పేజీ కళ్ళకద్దుకుని చదివాను. మీరు చెప్పినట్టే గుర్రాలు వాగులో దిగేదాకా తలుపులు బార్లా తెరిచి కూర్చున్నాను. ఇరవై మూడు ఆటలు ఓడాను. నా వాగులో గుర్రాలు ఆగట్లేదండీ. మీ వాగు ఎక్కడ దొరుకుతుందో చెబితే నేనూ అక్కడే కోట కట్టుకుంటాను."

ఆమెకు ఒళ్ళు మండింది. చేతకానితనాన్ని వాగుమీదకి తోయకండి అని జవాబిచ్చింది. అతను నొచ్చుకున్నట్టు లేదు. తన ఆట ఒకటి రికార్డు చేసి పంపాడు. రెండు రోజులు దాన్ని తెరవలేదు. మూడో రోజు తెరిచింది. గుర్రాలు వాగులో దిగాయి, నీళ్ళు చిమ్మాయి, ఒడ్డెక్కాయి, కోటలో పడ్డాయి. ఆరు సెకన్లు. మళ్ళీ చూసింది. ఆరే.

ఆట తనంతట తాను ప్రతి పోటీనీ దాచుకుంటుంది. తమ్ముడితో ఆడినవి మూడు వందల పన్నెండు ఉన్నాయి. అప్పుడప్పుడూ వాటిని చూసుకునేది గానీ ఎప్పుడూ తన వైపు నుంచే, తన తలుపుల మీదుగానే. ఈసారి మొదటిసారి అవతలి ఒడ్డు నుంచి చూసింది. అటునుంచి చూస్తే ఎదుటివాడు ఇచ్చిన ఆజ్ఞలు చిన్న జెండాలుగా కనబడతాయి. వాగు దగ్గర పసుపు జెండా లేచింది. ఆగండి అని దానర్థం. నాలుగో తలుపు గడియ పడిన మరుక్షణం ఆకుపచ్చ జెండా. కదలండి.

బీరువాలోంచి ఉక్కు స్కేలు తీసి తెరకు ఆనించింది. కింద నడిచే సెకన్ల వరసమీద ఒక్కో ఆటనూ కొలిచింది. నాలుగు రోజులు పట్టింది. మరదలు భోజనం తెచ్చిపెట్టి, చల్లారాక తీసుకుపోయేది. ఏమైంది వదినా అంటే ప్రూఫులు చూస్తున్నా అంది.

ప్రెస్సు మానేసే ముందరి ఆటల్లో పసుపు జెండా ఎక్కడా లేదు. మానేసిన తర్వాతి ఆదివారం మొదటిసారి లేచింది, మూడు సెకన్లు. తను వాగును కనిపెట్టిన రోజే అది. ఆ ఏడాది చివరికి అయిదు. తర్వాత ఎనిమిది. పోయిన నెల పదకొండు. ఎక్కడా పొరపాటు లేదు, ఒక్క ఆటలోనూ గుర్రాలు గడియ కంటే ముందు కదల్లేదు. డాక్టరు పుస్తకంలో లేని లెక్క ఇక్కడ ఉంది. ఆమె చెయ్యి ఏ నెలలో ఎంత పోయిందో తమ్ముడు సెకన్లలో కొలిచి, తన గుర్రాల్ని అంతసేపు నీళ్ళలో నిలబెట్టాడు. ఆమె తమ్ముడి దయను వాగు గుణంగా రాసి, పదకొండు వేలమందికి పంచింది.

ఆడేటప్పుడు తమ్ముడి కాలు నేలమీద తాళం వేస్తుండేది. చిరాకు పుట్టి ఎన్నిసార్లు తిట్టిందో. అది తాళం కాదు, లెక్కపెట్టడం.

ఆదివారం అతను ఫ్లాస్కుతో వచ్చాడు. వెనకాలే మరదలు గ్లాసులు తెచ్చింది. కూర్చోబోతుంటే అడిగింది.

"వాగు లోతెంతరా?"

"ఏ వాగక్కా?"

"నువ్వు మూడేళ్ళుగా గుర్రాలకి నీళ్ళు తాపుతున్న వాగు."

మరదలు నవ్వింది. "గుర్రాలకి తాపుతున్నారా? డాబామీద మొక్కలకి రెండు చెంబులు పొయ్యమంటే నడుం నొప్పి అంటారు," అంది. ఇద్దరి మొహాలూ చూసి, గ్లాసులు బల్లమీద పెట్టి, మెల్లగా కిందికి వెళ్ళిపోయింది.

తమ్ముడు అబద్ధం ఆడలేదు. ఆడినా పట్టుకునేది. ఫ్లాస్కు మూత తిప్పుతూ, తనకు తెలిసిన విద్యలోంచే మాట వెతుక్కున్నాడు.

"పెద్దవాళ్ళుండే బిల్డింగుల్లో లిఫ్టు తలుపు రెండు సెకన్లు ఎక్కువ ఆగేలా పెడతామక్కా. వాళ్ళకి చెప్పం. చెబితే ఎక్కరు."

"నేను లిఫ్టు ఎక్కట్లేదురా. కొలత రాస్తున్నా. ఎవడో బట్టీ దగ్గర పనిచేసుకునేవాడు నా మాట నమ్మి ఇరవై మూడుసార్లు మునిగాడు."

"ఆటే కదక్కా."

"నాలుగు కోణాల త్రిభుజం కూడా ఆటేనా?"

ఆమెకు అసలు అడగాల్సింది అది కాదు. అడిగేముందు కుడిచేతిని ఎడమచేత్తో ఎత్తి ఒళ్ళో పెట్టుకుంది.

"డాక్టరుకి నేనేం చెప్పానో తెలుసా నీకు?"

"తెలుసు. పక్కనే ఉన్నాగా."

"మరి నోరు మెదపలేదేం?"

"నువ్వలా చెబుతుంటే వినడానికి బాగుండేదక్కా," అన్నాడు.

ఆ జవాబుకు కోపం తెచ్చుకోవడం ఆమె వల్ల కాలేదు. ప్రేమ పేరు చెబితే అన్నీ మాఫీ అయిపోతాయన్న లోకంతో ఆమెకు ఎన్నడూ పొసగలేదు, ఇప్పుడూ పొసగలేదు. మూడేళ్ళ గెలుపులు పోయాయి. పోతే పోయాయి. తన చెయ్యి ఎంత మిగిలిందో తమ్ముడికి తెలుసు, తనకే తెలియదన్నది మాత్రం వదిలిపెట్టలేకపోయింది. ఒక్కటే అడిగింది: ఇప్పుడొక ఆట ఆడు. ఆపకు. వాగులో దిగిన దగ్గర్నుంచి పైకి లెక్కపెట్టు.

అతను వద్దన్నాడు. తలనొప్పి అన్నాడు, కింద ఏదో పని ఉందన్నాడు. సరే, నూతికప్పతో ఆడతాను, అతనైతే ఆపడు అంది. అప్పుడు కూర్చున్నాడు. మళ్ళీ వీపూ వీపూ.

ఆమె గోడలు కట్టింది, పొలాలు దున్నించింది, బండ్లు బయటికి పంపింది. చేతనైనంత బాగా ఆడింది. పదో నిమిషంలో కొండమీద దుమ్ము లేచింది. తన పేజీలో తను రాసినట్టే తలుపులు తెరిచి ఉంచింది. తన మాట తప్పో ఒప్పో తేలాల్సింది తన కోటలోనే.

"దిగాయి," అన్నాడు. "ఒకటి. రెండు."

తూర్పు తలుపు వంతెన లేచింది. మూడు, నాలుగు. గడియ పడింది. ఉత్తరపు తలుపు మీదకి చెయ్యి జరిపింది, అది జరగాల్సినంత జరగలేదు, మళ్ళీ జరిపింది. అయిదు. ఆరు. దక్షిణం నుంచి గుర్రాలు కోటలో పడ్డాయి. అతను లెక్క ఆపేశాడు.

"ఆపకన్నాను. నాలుగో తలుపు దాకా లెక్కపెట్టు."

"అక్కా, లోపలికొచ్చేశాయి."

"వస్తే రానీ. లెక్కపెట్టు."

లెక్కపెట్టాడు. గుర్రాలు గిడ్డంగికి నిప్పు పెట్టాయి, గోడమీది సైనికులు వెనక్కి తిరిగే లోపే పడిపోయారు. కాపాడడానికి ఏమీ మిగలని కోటకు ఆమె ఒక్కో వంతెనా ఎత్తింది, ఒక్కో గడియా వేసింది. పదిహేడు దాటినప్పుడు అతని గొంతు మారింది. పదిహేడు అతనికి తెలిసిన లెక్క, పోయిన నెలది. పడమటి గడియ పడేసరికి పందొమ్మిది.

ఫ్లాస్కులో టీ అలాగే ఉంది.

తర్వాత ఆమె అతణ్ణి తన బల్ల దగ్గరికి పిలిచి టైపు చేయమంది. పేజీ పైన తప్పొప్పుల పట్టిక అని పెట్టించింది. తర్వాతి మాటలు ఆమె చెప్పింది, అతను కొట్టాడు. పదిహేడు సెకన్లు అన్నచోట ఆరు అని చదువుకోవాలి. వాగు లోతు గురించిన గమనిక మొత్తం తీసివేయాలి. బలహీనతల్లో ఒకటి చేర్చాలి: ఈ పక్షాన్ని ఆడేవారి చెయ్యి చురుగ్గా ఉండాలి, లేకపోతే నిలవదు. కింది మూలలో పొడి అక్షరాలు పెట్టబోతూ అతను తనవి కొట్టాడు. ఆమె చూసింది.

"చెరిపెయ్. నీవి కాదు."

"తప్పు నాది కదా."

"వదిలేసింది నేను. మూడేళ్ళపాటు ప్రతి ఆదివారం చూసి వదిలేశాను. చీటీకి అయిదో నంబరు వెయ్యి."

చెరిపి ఆమెవి కొట్టాడు.

నూతికప్ప మర్నాటికల్లా జవాబు రాశాడు. పెద్దమనసుతో ఒప్పుకున్నారు, సంతోషం, కానీ అక్కగారూ, మరి ఇన్నేళ్ళూ మీరెలా గెలిచారండీ అని అడిగాడు. ఆమె దానికి జవాబివ్వలేదు. ఇవ్వాలనుకున్న ప్రతిసారీ మొదటి మాట దగ్గరే వేలు ఆగింది. ఆ ఆగడం జబ్బు వల్ల కాదు.

ఆస్పత్రికి వెళ్ళాల్సిన రోజు ఆ నెలాఖరున వచ్చింది. డాక్టరు పాత కాగితాలు ముందేసుకుని, ఆదివారాలు గెలుస్తున్నారా అని నవ్వుతూ అడిగాడు. లేదంది. మూడేళ్ళ కిందట తొమ్మిది, ఏడాది కిందట పద్నాలుగు, ఇప్పుడు పందొమ్మిది అంది. ఏమిటవి అని అతను అడిగితే, నాలుగు తలుపులు మూయడానికి నా చేతికి పట్టిన సెకన్లు అని చెప్పింది. డాక్టరు నవ్వు తీసేసి పెన్ను అందుకున్నాడు. నెలలవారీగా చెప్పించుకుని రాసుకున్నాడు. ఇంత సరిగ్గా ఎవరు కొలిచారని అడిగాడు.

"మా తమ్ముడు," అంది.

డాక్టరు ఆ అంకెల కింద ఒక గీత గీశాడు. గీతను కాగితం కొస దాకా పొడిగించి, అక్కడ పెన్ను ఆన్చి, ఆమె వైపు కాక తమ్ముడి వైపు చూశాడు. ఈ లెక్కన, వచ్చే ఏడాది ఇదే సమయానికి, అని మొదలుపెట్టి తటపటాయించాడు.

"చెప్పండి," అంది. "ఆపకండి."

కుర్చీ కింద తమ్ముడి కాలు నేలమీద లెక్కపెడుతూనే ఉంది. ఈసారి ఆమె వద్దనలేదు.